అతుక్కునే ఎముక

పుర్రె కోసే రోజు వచ్చిందంటే చాలు, మా అనాటమీ విభాగంలో ప్రొఫెసర్లకు ఎక్కడలేని మీటింగులూ పుట్టుకొస్తాయి. మగ ట్యూటర్లకు నడుం పట్టేస్తుంది. మిగిలేది ఆమె ఒక్కతే. తెల్లకోటు చేతులు మోచేతి పైకి మడిచి, జుట్టంతా టోపీలోకి దోపుకుని రంపం అందుకునేది. కనుబొమలకు కాస్త పైన తల చుట్టూ దారం కట్టి, దాని వెంట పెన్సిల్‌తో గీత గీసి, ఆ గీత తప్పకుండా కోసుకుంటూ పోయేది. ఎముక పొడి తెల్లగా లేచి ఆమె కనురెప్పల మీద వాలేది. కాలిన గోళ్ళ వాసన హాలంతా కమ్మేది. ఆఖర్న ఉలి ఆనించి సుత్తితో ఒక్కటి వేస్తే పైచిప్ప టప్పున ఊడి చేతిలోకి వచ్చేది. ఆ చప్పుడుకి ముందు వరసలో ఒకరిద్దరు పిల్లలు దబ్బున కూలబడటం మామూలే. వాళ్ళ చెంపలు తనే వాయించి లేపేది.

"లే నాయనా, లే. కోయించుకున్నాయనకే నొప్పి లేదు, మధ్యలో నీకేమొచ్చింది?"

అందుకే పిల్లలు ఆమెకు రంపం మేడం అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. కోపం మాట అటుంచి, వెనకనుంచి ఆ పేరు వినబడితే పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకునేది.

నేను ఆమెతో పాటు అదే విభాగంలో ట్యూటర్‌ని, వయసులో పెద్దదాన్ని. ఇద్దరిదీ ఒకే గది. నా నోరు మంచిది కాదని కాలేజీ అంతా అంటుంది. అంతమంది కలిసి అబద్ధం ఎందుకు చెబుతారు? ఆమె మాత్రం నన్ను అక్కా అని పిలిచేది. నా తిట్లు ఆమెకు వినోదం.

వడ్రంగి కూతురు. బడి నుంచి రాగానే తండ్రికి చెక్క అదిమిపట్టుకుంటూ పెరిగింది. రంపాన్ని బలంతో తోయకూడదు, దాని బరువుతో దాన్నే పోనివ్వాలి అని ఇప్పుడు పిల్లలకు ఆమె చెప్పే మాట ఆ తండ్రిదే. సర్జన్ కావాలని ఆమె ఆశ. సీటు చేతిదాకా వచ్చింది కూడా. అప్పుడే పెళ్ళయింది. ఆడది రాత్రిళ్ళు ఆపరేషన్ థియేటర్లో గడిపితే ఇల్లేం కావాలి అని భర్త నెమ్మదిగా అడిగాడట. ఆయన ఏదైనా నెమ్మదిగానే అడుగుతాడు. శవాల దగ్గర అయితే సాయంత్రానికల్లా ఇంటికి చేరొచ్చని అనాటమీలో చేరింది. చేతిలో అంత పనితనం ఉన్న మనిషి, ప్రాణం లేనివాళ్ళను కోస్తూ ఉండిపోయింది. తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

డాక్టరు చదువంటే ప్రాణం పోయడం అనుకుంటారు బయటివాళ్ళు. మొదటి ఏడాది ల్యాబులు చూస్తే ఆ భ్రమ వదిలిపోతుంది. పక్క భవనంలో ఫిజియాలజీ. అక్కడ కప్ప మెడ వెనక సూది దింపి, వెన్నులోకి పోనిచ్చి తిప్పాలి. కప్ప కాళ్ళు బిర్రబిగుసుకుని, ఒక్కసారిగా వేలాడిపోతాయి. తర్వాత కాలు కోసి, కండకు కొక్కెం తగిలించి, కరెంటు పెడితే ఒంటికాలు గాల్లో తంతుంది. సూది తిప్పుతూనే బావురుమనే పిల్లలుంటారు. ఏడుస్తున్నారని సూది ఆపరు, ఆపితే మార్కులు పోతాయి. పై అంతస్తులో బయోకెమిస్ట్రీ. ఒకడు గాజుగొట్టంతో యాసిడ్ పీలుస్తూ పక్కమ్మాయిని చూశాడు. నోరంతా పొక్కి, చాన్నాళ్ళు గంజినీళ్ళతో బతికాడు.

ఇక మా డిసెక్షన్ హాలు. మొదటిరోజు శవాలు కుళ్ళకుండా పట్టించే ఫార్మలిన్ ఘాటుకి అందరి కళ్ళూ కారతాయి, చచ్చినవాళ్ళ కోసం ఏడుస్తున్నట్టే ఉంటుంది చూసేవాళ్ళకి. వారం తిరక్కుండా ఆ ఘాటుకే ఆకళ్ళు మొదలవుతాయి. చర్మం చెప్పుల తోలులా గట్టిపడి ఉంటుంది, కొత్త చేతులకు లొంగదు. కత్తి జారి వేళ్ళు తెగుతాయి. పెద్ద ఎముకల దగ్గర లాగుడు, పీకుడు, కాలు తన్నిపెట్టి మెలితిప్పుడు. వచ్చేటప్పుడు పిల్లిపిల్లల్లా వచ్చినవాళ్ళు ఏడాది తిరిగేసరికి కసాయి కొట్టు నడపగలరు.

మా దగ్గర ఒక కట్టుబాటుంది. ఒక్కో బల్లకు ఒక బాడీ ఇస్తారు. ఏడాదంతా ఆ గుంపుకి అదే. తల పాఠం వచ్చేదాకా ముఖానికి గుడ్డ చుట్టే ఉంటుంది. వంతు రాకముందే ఏ భాగం పాడైనా, ఎవరి చేతిలో పాడైనా, బల్ల మొత్తానికీ శిక్ష. వేరే బల్లల వాళ్ళు కోస్తుంటే వెనక నిలబడి చూడటమే తప్ప, పరీక్షదాకా కత్తి ముట్టుకోనివ్వరు. అందుకని తప్పు చేసినవాళ్ళు ఎన్ని వేషాలు వేస్తారో చెప్పలేను. తెగిన నరాన్ని తెల్లదారంతో కుట్టేస్తారు. చిరిగిన కండ కింద తడి దూది కుక్కుతారు. ఒకసారి ఊడిన ముక్కును జిగురుతో అతికించారు, అదీ తలకిందులుగా.

ఆమె భర్త బ్యాంకులో ఆఫీసరు. నోట్లో నాలుక లేని మనిషని అందరూ మెచ్చుకునేవాళ్ళు. రోజూ సాయంత్రం కారు తెచ్చి గేటు దగ్గర నిలబడి, ఆమె వస్తుంటే దిగి నవ్వుతూ తలుపు తీసేవాడు. మా విభాగం ఆడవాళ్ళు అది చూసి ఇంటికెళ్ళి మొగుళ్ళను దెప్పేవాళ్ళు. నాకెందుకో ఆ నవ్వు పడేది కాదు. అప్పుడప్పుడూ ఆమె నాలుగైదు రోజులు సెలవు పెట్టేది. తిరిగి వచ్చాక కూర్చోవాలంటే బల్ల పట్టుకుని కూర్చునేది. దగ్గు వస్తే పక్కలు రెండు చేతులా అదుముకునేది. ఏమైందంటే బాత్‌రూంలో జారానంది ఒకసారి. బస్సు కుదిపిందంది ఇంకోసారి.

"మొగుడి కారులో ఊరేగేదానివి, నీకు బస్సెక్కడిదే?" అని నిలదీశాను.

నవ్వబోయి, పక్క పట్టుకుని ఆగిపోయింది. తర్వాత మెల్లగా చెప్పింది. కోపం వచ్చినప్పుడే కొడతాడట. ముఖం మీద మాత్రం ఎప్పుడూ చెయ్యి చేసుకోడట. అదేదో ఆయన గొప్పతనమన్నట్టు చెప్పింది. కోటు కప్పినంత మేర తంతాడన్నమాట, పెద్దమనిషి! వదిలేసి రా, నా ఇంట్లో గది ఖాళీగా ఉంది అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఇంకోసారి జరిగితే వస్తానక్కా అంది. ఇంకోసారి జరిగింది, రాలేదు.

ఛాతీ పాఠం మొదలైన రోజు సంగతి ఇది. నాలుగో బల్ల మీద ఉన్నది ఒక ఆడమనిషి. ఆసుపత్రిలో నిమోనియాతో పోయింది, తీసుకెళ్ళేవాళ్ళు రాలేదు, మాకు పంపారు. ఆ బల్ల దగ్గర ఇద్దరు కుర్రాళ్ళున్నారు. ఒకడు పహిల్వాన్, తలుపులో పట్టనంత మనిషి, చీమను కూడా దాటుకుని నడిచే రకం. రెండోవాడు మిరపకాయ, పుల్లలా ఉంటాడు, మాట్లాడితే మంట. పైకండ ఒలిచి పక్కకు పెట్టేసరికి పక్కటెముకలు వంకరటింకరగా కనబడ్డాయి. రెండు మూడైతే ఏకంగా విరిగి, ముట్టుకుంటే ఊగుతున్నాయి.

"కొంప ముంచావురా! నిన్న బాడీ తిప్పేటప్పుడు మోచెయ్యి మోపింది నువ్వేగా?" అన్నాడు మిరపకాయ.

"నేను గట్టిగా మోపలేదురా," అన్నాడు పహిల్వాన్. వాడి ముఖం పాలిపోయింది.

"నీ గట్టి నీకు తెలుస్తుందా, ఏనుగు! నీ వల్ల మా అందరి చదువూ నాశనం."

"తీగతో కట్టేద్దాం, ఎవరూ చూడకముందే."

"నువ్వే వెళ్ళి ఒప్పుకో. మమ్మల్ని లాగకు."

నేను పక్క బల్ల దగ్గరే ఉన్నాను. పోట్లాట చెవిన పడి ఇటు తిరిగేలోపు, మిరపకాయ శవం మెడ కింది చెక్కదిమ్మ లాగి పహిల్వాన్ ముఖాన కొట్టాడు. ముక్కు పగిలింది. రక్తం బుడగలు కడుతూ కారి బాడీ ఛాతీ మీద పడింది. పహిల్వాన్ ఒక్క క్షణం బిత్తరపోయి, మిరపకాయను కాలరు పట్టి ఎత్తి స్టీలు బల్ల మీదికి విసిరాడు. ఫార్మలిన్ బకెట్ బోర్లాపడింది. శవం చెయ్యి బల్ల కిందికి వేలాడింది. కింద పడ్డవాడి గొంతు మీద పహిల్వాన్ మోకాలు పెట్టాడు. వాడి కళ్ళు తేలిపోతున్నాయి. అమ్మాయిలు కేకలు.

రంపం మేడం వచ్చి పహిల్వాన్ చెవి పట్టి మెలితిప్పింది. ఎంతటివాడూ చెవి మెలికకు లేవాల్సిందే.

"చచ్చినవాళ్ళు మీకు చాలడం లేదా? ఇంకో బాడీ కావాలా?" అంది. మిరపకాయ వీపున రెండు అంటించి లేవదీసింది. పహిల్వాన్ ముక్కులో దూది కుక్కింది. తర్వాత తడిగుడ్డ తీసుకుని శవం ఛాతీ మీది రక్తం తుడవసాగింది. తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయింది.

వేలితో ఒక్కో ఎముకా వెనక నుంచి ముందుకి తడిమింది. మళ్ళీ మొదటి నుంచి తడిమింది.

"ఇవి మీరు విరిచినవి కావు," అంది.

బల్ల చుట్టూ అందరూ చేరారు. నేనూ వెళ్ళాను.

"విరిగిన ఎముక అతుక్కునేటప్పుడు ఆ చోట ముడి వేసుకుంటుంది. తాడు తెగితే ముడేసినట్టు. ఇదిగో, వేలు పెట్టి చూడండి. ఈ ముడులు నున్నగా ఉన్నాయి, బాగా పాతవి. వీటి కింద ఉన్నవి గరుకుగా ఉన్నాయి, అంత పాతవి కావు. ఇక ఇవి, ఊగుతున్నవి చూడండి. ముడి ఇప్పుడిప్పుడే మొదలైంది. గట్టిపడే లోపే ప్రాణం పోయింది. ఊపిరి తీస్తే నొప్పి కాబట్టి సగం సగం ఊపిరే తీసి ఉంటుంది. దగ్గలేదు. అందుకే నిమోనియా."

"ఎక్కడో పడిపోయిందేమో మేడం," అన్నాడు మిరపకాయ గొంతు రుద్దుకుంటూ.

"పడితే ఒకసారి పడతారు. మళ్ళీ మళ్ళీ అదే పక్కకి ఎందుకు పడతారు? దెబ్బలన్నీ కుడివైపే ఉన్నాయి చూడు. కింద పడేసిన మనిషిని తన్నేవాడు అటు తిరిగి వచ్చి రెండోపక్క తన్నడు. నిలబడ్డ చోటి నుంచే తంతాడు."

ముక్కులో దూదితో పహిల్వాన్ అమాయకంగా అడిగాడు. "మీకెలా తెలుసు మేడం?"

 ఆమె ఎడమచేతిలో తడిగుడ్డ అలాగే ఉంది. కుడిచెయ్యి మాత్రం తనకు తెలియకుండానే కోటు మీదుగా వెళ్ళి తన కుడిపక్కన ఆనింది. పిల్లలు మొద్దులు కాదు. ఒక్కొక్కరే తల దించుకున్నారు.

"చేతులు కడుక్కోండి," అంది ఆమె.

గదిలోకి వచ్చాక తలుపు వేసి, నా చెయ్యి పట్టుకుని తన కోటు లోపలికి, పక్కటెముకల మీదికి తీసుకెళ్ళింది. ముడులు. నున్నటివి కొన్ని, గరుకువి కొన్ని.  వాణ్ణి అక్కడికక్కడ నరికి పోగులు పెట్టాలనిపించింది.

"ఆమెకు మూడు దఫాలక్కా. నాకు రెండయ్యాయి," అంది. "ఇన్నాళ్ళూ ఇది నొప్పి అనుకున్నాను. ఓర్చుకుంటే పోయేదే కదా అనుకున్నాను. ఇది ఒక వరస ప్రకారం జరిగే పని అని ఇవాళే తెలిసింది. ఆమె నాకన్నా చిన్నదక్కా. నాకు భయంగా ఉంది."

ఆ సాయంత్రం మేమిద్దరం వెనక గేటు గుండా మా ఇంటికి వెళ్ళిపోయాం. ముందు గేటు దగ్గర ఆయన కారు తలుపు పట్టుకుని నిలబడే ఉన్నాడట.

పొద్దున్నే నాకు ఫోన్ చేశాడు. "అక్కగారూ, మా ఆవిడ మీ దగ్గరే ఉందని తెలిసి ప్రాణం కుదుటపడిందండీ. భోంచేసిందా?"

నాకు వచ్చిన తిట్లన్నీ తిట్టాను. రానివి కూడా అప్పటికప్పుడు తయారు చేసుకుని తిట్టాను. అంతా విన్నాడు. "మీరు పెద్దవారు, ఏమన్నా పడతాను. దాన్ని పంపండి చాలు," అన్నాడు. గొంతు పిసరంతైనా పెరగలేదు. నాకు చెమటలు పట్టాయి.

తర్వాత ఆమెకు కన్నతల్లి ఫోన్. మగాడన్నాక ఆ మాత్రం కోపం ఉండదా, నువ్వే కాస్త చూసీచూడనట్టు పోవాలి అని. ఆ తర్వాత మా విభాగం పెద్దాయన ఆమెను పిలిచాడు. "మీ ఆయన వచ్చి నా ముందు కన్నీళ్ళు పెట్టుకున్నాడమ్మా. అంతటి మనిషిని ఏడిపించడం బాగోలేదు. సర్దుకుపో," అన్నాడు. ఆమె అందరికీ ఒకటే చెప్పింది, వెళ్ళనని. ఆ మాట చెప్పిన ప్రతిసారీ ముఖం ఇంకాస్త పీక్కుపోయేది. నేను దగ్గరుండి చూశాను, ఆ మాట చెప్పడం తన్నులు తినడం కన్నా కష్టమైన పని.

ఆ వారంలోనే ఒకరోజు వెన్ను పాఠం జరుగుతోంది. బాడీలను బోర్లా తిప్పించి, వెన్నెముక వెనకభాగాన్ని ఉలీ సుత్తీ పెట్టి పగలగొట్టి, లోపలి నరాల తాడు చూపించాలి. హాలంతా ఠంగుఠంగున మోత. ఆమె నాలుగో బల్ల దగ్గరుంది, చేతిలో ఇనుప సుత్తి. నేను హాలు ఆ చివర ఉన్నాను. మోత బల్ల తర్వాత బల్లగా ఆగిపోతుంటే తలెత్తాను. ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని, బల్లల మధ్య నుంచి, ఇస్త్రీ చొక్కా దేనికీ తగలకుండా ఒద్దికగా నడిచి వస్తున్నాడు ఆమె భర్త.

"ఇంటికి పద," అన్నాడు.

"క్లాసులో ఉన్నానండీ."

"క్లాసు ఎక్కడికీ పోదు. పిల్లలూ, మీరు కాస్త బయటికి వెళ్తారా?"

ఎవరూ కదల్లేదు. పహిల్వాన్ ఒకడుగు ముందుకేశాడు. "నువ్వు ఆగు. నీ చదువు పోతుంది," అంది ఆమె వాడి వైపు చూడకుండానే.

ఆయన రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. చెయ్యి చాపి టోపీతో సహా జుట్టు గుప్పిట పట్టి ఒక్క గుంజు గుంజాడు. ఆమె నుదురు స్టీలు బల్ల అంచుకి కొట్టుకుంది. కింద పడింది. నేను అరుస్తూ పరిగెత్తాను. ఆయన కాలు వెనక్కి తీసి తన్నాడు. కుడిపక్కే. ఆ చప్పుడు నాకు వినిపించింది. ఎండుపుల్ల విరిగినట్టు. ఎముకల మధ్య బతికే మా అందరికీ తెలుసు అదేమిటో. మిరపకాయ ఏడుపులాంటి కేక పెట్టాడు. పహిల్వాన్ ఉరకబోయి, నేల మీది ఫార్మలిన్ తడికి జారి మోకాళ్ళ మీద పడ్డాడు.

ఆయన వంగాడు, మళ్ళీ జుట్టు పట్టి లేపడానికి. ఆమె ఒక మోకాలి మీద లేచింది. సుత్తి చేతిలోనే ఉంది. పైకెత్తింది. ఆయన తల సరిగ్గా దాని కింద ఉంది, నున్నగా దువ్విన తల. హాల్లో ఒక్కరు ఊపిరి తీస్తే ఒట్టు. సుత్తి పైన ఒక్క క్షణం ఆగి, తల మీంచి పక్కకు జరిగి, మెడకూ భుజానికీ మధ్య దిగింది.

అరిచాడు. ఆ మనిషి గొంతు పెరగడం నేను వినడం అదే మొదలు. పంది గొంతు కోస్తే అరిచినట్టు అరిచాడు. భుజం వేలాడేసుకుని నేల మీద దొర్లుతుంటే ఇస్త్రీ చొక్కా ఫార్మలిన్‌లో తడిసింది. నాకు కడుపు నిండినంత సంతోషం కలిగింది. కలిగిందనే చెబుతాను, దాచడమెందుకు?

ఆమె సుత్తిని బల్ల మీద పెట్టింది. ఒక చేత్తో తన పక్క అదుముకుంటూ, అలమరలోంచి ఉతికిన గుడ్డ తెప్పించి, మూలకు మడిచి, ఆయన చెయ్యి గుండె మీదికి వచ్చేలా మెడకు కట్టింది. "కదిలించకండి, అంచు లోపల గుచ్చుకుంటుంది," అంది. కట్టు కట్టి, అక్కడే బల్ల కాలికి ఆనుకుని కూలబడింది.

క్యాజువాలిటీలో ఇద్దరికీ ఎక్స్‌రేలు తీశారు. ఆయనకు కాలర్ బోన్ విరిగింది, ఒక్కచోట, శుభ్రంగా. ఆమెకు మూడు ఎముకలు కొత్తగా విరిగాయి. పాతవాటి సంగతి అక్కడి డాక్టరు నా ముఖం చూసి, గొంతు తగ్గించి చెప్పాడు. ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. మా పెద్దాయన పరుగున వచ్చాడు. పిల్లలు గుమ్మం బయట గుంపుగా నిలబడ్డారు.

ఆయన అప్పటికి గొంతు సర్దుకున్నాడు. మంచం మీంచి నెమ్మదిగా అన్నాడు. "కేసూ గీసూ వద్దండి. ఆడది, కోపంలో చేసింది. నేను క్షమించేశాను. ఇంటికి తీసుకెళ్ళి నేనే చూసుకుంటాను."

"చూశారా, ఎంత పెద్ద మనసో!" అన్నాడు మా పెద్దాయన. ఆయన కళ్ళు నిజంగానే చెమర్చాయి.

"పెద్ద మనసా? లోపలికెళ్ళి ఆ అమ్మాయి ఎక్స్‌రే చూసి రండి!" అని నేను అరిచాను.

"అమ్మా, మీరు ఆగండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఆయనకూ తేలిగ్గా తెమిలిపోవాలనే ఉంది. ఆమె వైపు తిరిగాడు. "భార్యాభర్తల గొడవ. పెనుగులాటలో చెయ్యి జారి తగిలింది. అంతే కదా మేడం? అంతేనంటే ఇప్పుడే ఇద్దరూ ఇంటికి వెళ్ళిపోవచ్చు."

అందరూ ఆమె వైపే చూశారు. పెద్దాయన తల ఊపుతూ, అవునను, అవునను అని సైగ చేశాడు. ఆమె పక్కలకు కట్టు కట్టి ఉంది. సగం సగం ఊపిరితోనే మాట్లాడింది.

"చెయ్యి జారలేదండీ. చూసి కొట్టాను. చెయ్యి జారితే తల మీద పడేది, తల నా ఎదురుగానే ఉంది. పుర్రె ఎక్కడ పల్చగా ఉంటుందో నాకు తెలుసు. మెడలో ఎక్కడ తగిలితే మనిషి మళ్ళీ లేవడో తెలుసు. కాలర్ బోన్ అయితే అతుక్కుంటుంది, చెయ్యి మామూలుగా అయిపోతుంది. అందుకని అక్కడ కొట్టాను. కావాలని కొట్టానని రాసుకోండి."

"అలా రాస్తే మిమ్మల్ని తీసుకెళ్ళాల్సి వస్తుంది. మీ ఉద్యోగం పోతుంది."

"తీసుకెళ్ళండి."

"ఆయన మీద ఫిర్యాదు ఇవ్వొచ్చు కదా మేడం, ఇదంతా ఎందుకు?"

"అదీ రాయండి. కానీ ఉత్త ఫిర్యాదే ఇస్తే మీరంతా కలిసి సర్దిచెప్పి ఇంటికి పంపుతారు. నేరం చేసినదాన్నైతే పంపరు కదా." ఆగి, ఊపిరి అందుకుంది. "ఇంటికి వెళితే ఇంకోసారికి నా దగ్గర ఎముకలు లేవండీ."

 మంచం మీది మనిషి మళ్ళీ ఏదో నెమ్మదిగా చెప్పబోతే, "మీరు నోర్ముయ్యండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్. తర్వాత పెన్ను తీశాడు.

పోలీసు బండిలో ఆమె పక్కన నేనూ ఎక్కాను. ఎక్కొద్దన్న కానిస్టేబుల్‌కి నా నోటి సంగతి కొంత తెలిసొచ్చింది. ఉద్యోగం గురించి, వకీలు గురించి, ఎవరెవర్ని పట్టుకోవాలో దాని గురించి నేను గబగబా చెప్పుకుపోతున్నాను. ఊ కొట్టడం ఆగిపోయిందేమిటా అని చూస్తే, బండి ఆసుపత్రి గేటు దాటకముందే నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. నోరు కొంచెం తెరుచుకుని, చిన్నపిల్లలా ఒళ్ళు మరిచిన నిద్ర. స్టేషన్ వచ్చింది. లేపుదామని చెయ్యెత్తాను గానీ మనసు రాలేదు. కానిస్టేబుల్ వెనక్కి తిరిగి చూసి, ఇంజన్ ఆపేసి, "పడుకోనివ్వండమ్మా, తొందరేం లేదు," అన్నాడు.